బెజ్జాల వరస

పదకొండు కుట్లు.
లెక్కపెట్టి మాలకొండయ్య అన్నాడు:
"రాయిని చీల్చాలంటే గదా
ఇట్టా వరసగా బెజ్జాలేస్తాం."
అని, నోరు మూసుకున్నాడు.

ఒంగోలు పశువులాసుపత్రిలో బల్ల తీసేశారు.
కొబ్బరికాయంత ఉందంట.
కాలేయానికి పాకినదాన్ని మాత్రం
ముట్టుకోలేమన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటా.
ఎన్నాళ్ళని నేనడగలా. ఆయనా చెప్పలా.

చీమకుర్తి నల్లరాయికి మల్లే
నల్లటి ఒంటి మీద తెల్లచుక్కలని
గెలాక్సీ అని పేరు పెట్టాం.
వీధి నోట్లో అది గలాసయింది.
ఇప్పుడు మూతంతా చుక్కలే,
నలుపు వెతుక్కోవాలి.

నా పాత లంగా చించి కడుపుకు కట్టా.
కుట్లు నాకకుండా బకెట్ అడుగు కోసి
మెడకు తగిలిస్తే
తలుపుకు కొట్టుకుని, సిగ్గుపడి, అక్కడే నిలబడిపోయింది.
తీసేశా. బదులుగా నేనే మేలుకుంటన్నా.

సంగటి ముద్దలో మాత్ర పెడితే
ముద్ద మింగి, మాత్ర మంచం కింద ఉమ్మేస్తది.
రోగమొచ్చినా తెలివి చావలేదని తిడతా,
లోపల సంతోషంగానే.

ఉచ్చకు లేపాలంటే నడుం కింద తువ్వాలేసి
ఇద్దరం చెరో కొస.
ఇదివరకు కాటా దాకా లారీల్ని తరిమింది,
ఇప్పుడు గడప దాటితే చాలంటది.

సాయంత్రం నాలుగింటికి క్వారీలో పేలుడు.
ఒకప్పుడు సైరన్‌కే మంచం కింద దూరి
తడిపేసేది.
ఇప్పుడు దానికి చెవుడు.
నేల అదిరింది. గిన్నెలో నీళ్ళు వణికాయి.
కట్టు మీద నా చెయ్యి ఉంది.
నేనే నిమిరాననుకుని
తోక ఒక్కసారి
నేలకేసి కొట్టింది.