అంచు మీది నూగు

గ్రీమ్స్‌పేట దాటినాక లారీ టైర్ల గుట్ట,
గుట్ట వెనక మొగిలయ్య షాపు.
బోర్డు మీద 'రీట్రెడ్' అన్న మాటలో
'రీ' ఎప్పుడో రాలిపోయింది.

మే నెల, మిట్టమధ్యాన్నం.
బండికి స్టాండు వేస్తే తారులోకి అంగుళం దిగింది.
రెండువందల నలబై కిలోలు దాని ఒళ్ళు,
ఎనబై తొమ్మిది నాది,
బ్యాంకు అప్పు బరువు ఏ కాటాకూ తేలదు.

'ఆదివారం శ్రీపెరంబుదూరు ట్రాక్ మామా,
పొద్దుట్నించి సాయంత్రందాకా. టైర్లు మార్చాల.'
ఫోనులో బొమ్మలు చూపించినా.
ఒకటి నున్నటిది, ఒక్క గీతా లేదు,
కొండ దిగొచ్చిన గుండు మాదిరి.
ఇంకొకటి నడుమ గట్టిది, పక్కలు మెత్తన.
మూడోది చెన్నై పిల్లోడు సగం ధరకిస్తే
వెనక సీటుకు కట్టుకోనే వచ్చినా.

ఆయన ఫోను చూడలా.
తాడు విప్పి, టైరు చెంప మీద నాలుగంకెలు తడిమి
'పుట్టి ఐదేండ్లు దాటింది' అన్నాడు.
బొటనగోరు గుచ్చినాడు. దిగలా.
మా పల్ప్ ఫ్యాక్టరీ గేటు కాడ
తోతాపురి కాయను గోటితో చూసే
ముసిలి మేస్త్రీ గుర్తొచ్చినాడు.
'ఇది ఇంక పండదు నాయనా.
మట్టి పోసి కనకాంబరం నాటుకో.'

'మరి ఆ గుండు?'
'అది దుప్పట్లు కప్పి వేడి చేసుకునే పిల్లోళ్ళది.
నీ ఏనుగు కింద, ఈ ఎండకు,
పది రౌండ్లలో సంగటి అయితాది.
అయినా ట్రాక్‌కు ఎట్ల పోతావు?
నూటపది కిలోమీటర్లు దీని మీదనే గదా.
రాణిపేట కాడ వాన పట్టుకుంటే
గుండుకు నీళ్ళు యాడికి పోతాయి?'

అంటానే బండి వెనక గొంతుకూర్చున్నాడు.
చానాసేపు మాట్లాడలా.
టైరు నడుమ అరుగుదల ఉంది, ఉండాల్సినంతే.
అటూ ఇటూ అంచుల్లో మాత్రం
రెండేసి వేళ్ళ వెడల్పున కొత్త నలుపు.
అచ్చులోంచి వచ్చిన రబ్బరు వెంట్రుకలు
ఇంకా నిలబడే ఉండాయి,
మీసం రాని పిల్లోడి పెదవి మీద నూగు మాదిరి.

షిఫ్టు మారేటప్పుడు బాయిలర్ కాడ
నేను చెప్పిన కథలు గుర్తొచ్చినాయి.
మొగిలి ఘాటు మలుపులో మోకాలు నేలకు రాసిందని
ప్యాంటు చిరుగు చూపించినా.
ఆ చిరుగు ఆవిరి పైపుకు తట్టుకున్నది.
కాణిపాకం బావి కాడ నిలబెట్టి అడిగినా
ఈ అంచు చెప్పినంత చెప్పుండను.

మొగిలయ్య రెండు వేళ్ళు ఆనించి కొలిచి
'టైరుకు నువ్వింకా చాలలా' అన్నాడు.
వాల్వు మూత తిప్పినాడు.
బుస్సుమని పోయింది కొంత గాలి,
నాలోదీ కొంత.
'ముందు ముప్పై ఒకటి, వెనక ముప్పై.
వేడెక్కినాక మళ్ళీ కొలుచుకో.
తిరిగొచ్చేటప్పుడు నింపుకోవడం మర్చిపోవాకు.
పది రూపాయలియ్యి.'

ఆదివారం నేను పడలా.
అంతకన్నా గొప్పగా చెప్పుకునేదేమీ జరగలా.
చిన్న బండ్ల పిల్లోళ్ళు ఈగల మాదిరి దాటుకోని పోయినారు.
మధ్యాన్నం ఒక్కసారి, ఆ పొడుగాటి కుడి మలుపులో,
కింద తారును కాకుండా మలుపు తెగే చోటును చూసినా.
కాలి కింద ఇనుము నేలను గీరింది.
ఎవరికీ వినపడలా.

సోమవారం మొగిలయ్య అగ్గిపుల్ల పెట్టి కొలిచినాడు.
'కుడి పక్క నూగు పోయింది.
ఎడమ పక్క వేలెడు అట్లనే ఉంది. ఎందుకు?'
'ట్రాక్ ఎక్కువ కుడికే తిరుగుతాది మామా.'
అది సగం నిజం.
ఆయనకు ఆ సగమూ తెలుసు.
చేతులు తుడుచుకోని, మొదటిసారి నా ఫోను అడిగినాడు:
'ఆ నడుమ గట్టిది ఎంతన్నావు?'

రాత్రి షిఫ్టులో పెంచలయ్య అడిగినాడు,
మోకాలు రాసిందా అన్నా అని.
'ఎడమ పక్క ఇంకా వేలెడు ఉంది' అన్నా.
వాడికి అర్థం కాలా.
బాయిలర్ గేజీ చూసేదానికి పోయినా.