నీడకు ఒక్క ఓటు

ఫిబ్రవరి రెండు. పెన్సిల్వేనియా. కిటికీకి మంచు పొలుసులు.
కాగితపు కప్పుల అడుగున చిల్లి పొడిచి
ఐస్‌ఫ్రూట్ పుల్లకు అంటించిన గ్రౌండ్‌హాగ్‌ని
పైకి తోస్తున్నారు, కిందకి లాగుతున్నారు.
ఇరవై రెండు కలుగులు, ఒకటే కిచకిచ.
మార్లిస్ చేసినదానికి మీసాలెక్కువై
అచ్చం మా ప్రిన్సిపాల్‌ గారే.
నేనేమీ అనలేదు.

బోర్డు మీద రెండు గళ్ళు:
నీడ కనబడితే ఇంకో ఆరు వారాలు చలి,
లేకపోతే వసంతం.
పసుపు చీటీలన్నీ వసంతం మీదే ఎగబడ్డాయి.

నీడ కింద వెండెల్‌ది ఒక్కటే.
"మంచు పడితేనే కదా టీచర్,
తోసే బండికీ, మా నాన్నకీ పని."

చప్పుడాగింది.
మార్లిస్ వెనక్కి తిరిగి బేరం పెట్టింది:
"మూడు వారాలు చాలవా?"

వాడు బల్ల కిందికి దూరాడు.
కాసేపటికి కప్పులోంచి తల మాత్రం బయటపెట్టి
"నాలుగు"
అంది గ్రౌండ్‌హాగ్.