కింది అర ఖాళీ

పైపుల రోడ్డు మలుపులో
స్లాబు వేసి పంతొమ్మిది రోజులైంది.
మట్టిగట్లు పోసి పైన నీళ్లు నిలగట్టారు.
నిలబడ్డ నీళ్లు చూస్తే నాకింకా గుండె దడే.
"ఇవి సిమెంటు తాగే నీళ్లమ్మా, భయంలేదు" అంటాడు
మేస్త్రి ఏసోబు.

ఆటోనగర్లో మీరావలి షెడ్డు.
లారీ బాడీలు కట్టే చెయ్యి.
అరలు చేసిపెట్టమంటే ఒక్కటే అడిగాడు:
"పుస్తకాల బరువెంతమ్మా?"

ఇరవై రెండేళ్ల సర్వీసు నాది.
పేరు చెప్పగలను, నంబరు చెప్పగలను,
ఏ పేజీలో ఎవరి బస్సు టిక్కెట్టు ఉండిపోయిందో చెప్పగలను.
బరువెప్పుడూ ఎవరూ అడగలేదు.
పుస్తకాన్ని తూచేది
పాతసామాన్లవాడొక్కడే కదా.

ఆ ఏడు బుడమేరు వచ్చిపోయాక
మా గది తలుపుకి గడ్డపలుగు కావలసివచ్చింది.
లోపల పుస్తకాలు ఉబ్బి, ఒకదాన్నొకటి అదుముకుని,
అరలోంచి ఒక్కటీ ఊడిరానంది.
అంకబాబు కాటా పట్టుకొచ్చాడు.
నీళ్ల బరువు తరుగు తీసి
తడికాగితం కిలో రెండు రూపాయలన్నాడు.
సంతకం పెట్టాను.
పెన్ను రాయలేదు.
మళ్లీ పెట్టాను.

ఇప్పుడు ఆ కాటానే అడిగి తెచ్చాను.
కొత్తగా వచ్చిన అట్టపెట్టెలు ఒక్కొక్కటే ఎత్తి
నిఘంటువులు ఇన్ని కిలోలు, పిల్లల బొమ్మల కథలు ఇన్ని,
గ్రూప్స్ గైడ్లు (అబ్బ, వీటి ముందు నిఘంటువులు దూదిపింజలు)
అన్నీ చీటీ మీద వేసి మీరావలికిచ్చాను.
"ఇంతేనా? పది టన్నుల బండికి వేసే ఇనుమే వేస్తా.
మీ మనవలెక్కి తొక్కినా వంగదు."
"తడిస్తే?" అన్నాను.
నవ్వు ఆపాడు.
వాళ్లిల్లూ సింగ్‌నగరే.

ప్రతి బీరువాకీ కింద ఒక అర ఎక్కువ చేశాడు, డబ్బులడగలేదు.
ఇందులో ఏం సర్దుతారని
కాంట్రాక్టరు పిచ్చేశ్వర్రావు గారంటే
"అది బుడమేరుది సార్, వదిలెయ్యండి" అన్నాడు.
రంగు మాత్రం లారీ రంగే: ఆకుపచ్చ, అంచుకి పసుపు.
చెయ్యి ఊరుకోక ఓ మూల రామచిలకని కూడా వేశాడు.

కిటికీలకి అద్దాల్లేవు. కరెంటు మీటరు రాలేదు.
మరుగుదొడ్డి ఏ పక్కనో ఇంకా తేలలేదు.
అయినా పొద్దున ఏడింటికల్లా
సిమెంటు బస్తాల మీద నలుగురు పెద్దమనుషులు
ఒక్క పేపరు నాలుగు ముక్కలు చేసుకుని చదువుతుంటారు.
ఏసోబుకి బస్తా కావాలంటే
ఒకాయన తలెత్తకుండానే పక్క బస్తా మీదికి జరుగుతాడు.

మొన్న ఆటోకి మైకు కట్టి చెప్పించాం:
వరదకి ముందు తీసుకెళ్లిన పుస్తకాలుంటే తెచ్చివ్వండి,
అపరాధ రుసుం లేదు.
ముప్పై ఏడు వచ్చాయి.
ఒకటి అటక మీద నుంచి,
ఒకటి నూజివీడులో వియ్యంకుడి ఇంటి నుంచి,
ఒకటి ఏ పెళ్లికో వెళ్లి అక్కడే ఉండిపోయిన సూట్‌కేసులోంచి.
ఎన్ని కార్డులు రాశాను వీళ్లకి, ఎర్రసిరాతో!
ఎంత తిట్టుకున్నాను!
మాట విని గడువులోగా తెచ్చిచ్చినవాళ్ల పుస్తకాలు
అన్నీ కాటా ఎక్కాయి.

కొత్త రిజిస్టరుకి ఒకటో నంబరు వెయ్యమన్నారు పైవాళ్లు.
నేను ఆరువేల రెండువందల పదమూడు వేశాను.
అడిగితే అప్పుడు చెబుతా.

ముప్పై ఏడోది తెచ్చింది
మూడో అంతస్తులో ట్యూషన్లు చెప్పే హైమావతి.
ఇచ్చేసి, గడప దిగి, మళ్లీ వెనక్కొచ్చింది.
"ఇంకా పదిహేను పేజీలున్నాయండీ. తీసుకెళ్లనా?"
ఇంకా తెరవలేదమ్మా అన్నాను.
"తెరిచాకే ఇస్తాలెండి.
నేనెటూ ఆలస్యమేగా."

తేదీ ముద్ర ఇంకా రాలేదు.
పెన్నుతో ఆమె పేరు రాసి
గడువు గడి అలాగే వదిలేశాను.