మాటలు అనే గడి

దేవరకొండ బస్టాండు దాటినంక
రెండో సందుల ఉంటది సెంటరు.
మంగళారం, శుక్కురారం
నా ఎనిమిదో తరగతి ఎగ్గొట్టి
తమ్ముని చెయ్యి పట్టుకొని పోత.
చెయ్యి గాదు, మణికట్టు.
వేళ్లు పట్టుకుంటే ఒప్పుకోడు.

మూడేండ్లప్పుడే దవాఖాన్ల చూపెట్టినం.
డాక్టరు వాని మొకం చూడలె,
మా దాదీ పేటియా చూసిండు.
"తండా పిల్లలు గిట్లనే ఉంటరు, బెదురు గొడ్లు.
బడిల ఏస్తే అదే సక్కగైతది."
గా ఒక్క మాటకు
ఇంకో మూడేండ్లు పోయినయి మాకు.

సెంటర్ల ఇంకో పిలగాడున్నడు, శ్రీకర్.
బ్యాంకు సారు కొడుకు.
వాడు చేతులు తపతప కొట్టుకుంటే
"పిట్ట లెక్క ఎగురుతుండు సూడు" అంటది టీచరమ్మ.
మా లోకేశ్ కొట్టుకుంటే
"ఏయ్, తండా ఏషాలు బంజెయ్."
చేతులు నాలుగు. ఊపు ఒక్కటే.
నేను లెక్కవెట్టిన.

దాదీ పేటియాకు అద్దాలు.
ఒక్కోటి ఏలుతోని తడుముకుంట కూసుంటే
వాని లోపలి లొల్లి తగ్గుతది.
"మంచిగ చీర కట్టుకొని రా ముసలమ్మా,
వేరే పిల్లల తల్లులొస్తరు."
కట్టింది.
వాడు దాదీని గుర్తువట్టలె.
బస్సుల దారంత ఒక్కటే అరుసుడు,
అద్దాలేడవాయెనని కుచ్చిళ్లన్ని పీకిండు.
దాదీ ఏడ్వలె.
ఆ చీర మళ్ల కట్టలె.

పోయిన వారం బొమ్మల అట్టలు.
గ్లాసు, గ్లాసుల నీలిరంగు.
"ఏందిది? నీళ్లు. అను, నీ... ళ్లు."
వాడు కిటికీ దిక్కు చూసుకుంట
చానా సేపటికి
"పాణి" అన్నడు.

ఏడేండ్లకు మొదటి మాట.
నా ఒళ్లంత జలదరిచ్చింది.
టీచరమ్మ అట్ట తిప్పింది, ఇగ అరటిపండు.
"మేడం, చెప్పిండు గద."
"అది మాట గాదమ్మా, మీ తండా సప్పుడు."
రిజిస్టర్ల "మాటలు" అనే గడి.
అందుల గీత గీసింది,
స్కేలు పెట్టి, నీటుగ.

ఇంటికొచ్చేటప్పుడు
డిండి నీళ్లు కానొచ్చే మూలకాడ
బస్సు అద్దానికి ముక్కు ఆనిచ్చిండు.
పాణి. పాణి. పాణి.

కండక్టరు టికెట్లు చింపుకుంటనే ఇటు తిరిగిండు.
"పిలగానికి దూపైతున్నట్టుంది,
బాటిల్ ఇయ్యరాదు బిడ్డా?"

దూప గాదన్నా.
చెప్తుండు, అంతే.