రెండో కణుపు

సోమవారం పొద్దుటికల్లా రెజీనాకి ఫారం పంపాలి.
మా చుట్టుపక్కల పొలాల సంగతి
పంతొమ్మిదేళ్లుగా నేనే రాస్తున్నాను.
విత్తడం ఎంతయింది: నూటికి అరవై రెండు.
అది తేలిక. ట్రాక్టర్లు లెక్కపెడితే చాలు.
రాత్రి రెండింటికి కూడా ఎమెరిక్ లాబ్రెక్ దీపాలు
ఆ గట్టు నుంచి ఈ గట్టుకి
దారి తప్పిన చుక్కల్లా తిరుగుతూనే ఉన్నాయి.

రెండో ప్రశ్న దగ్గరే పెన్ను ఆగుతుంది.
పైమట్టిలో తేమ:
ఎక్కువ, సరిపడా, తక్కువ, బాగా తక్కువ.
నాలుగే గడులు.
గాలికి గడి లేదు.
మొన్న కరగానా కంచె దాటి
హ్నాటివ్ వాళ్ల పొలం వచ్చి
మా వంటింటి కిటికీ మీద కూర్చుంది.
వేలితో దాని మీద తేదీ రాశాను.
పల్లపు మడుగు ఎండి ఉప్పుపట్టింది;
బాతులు వచ్చి, ఒక చుట్టు చూసి,
ఏమీ అనకుండా వెళ్లిపోయాయి.

అదును వచ్చేసింది. పదునే రాలేదు.

కనోలా గింజ ఆవగింజంత.
తడి వెతుక్కుంటూ లోతుకి దింపితే పైకి రాలేక చస్తుంది,
పైన వదిలితే అసలు మేలుకోదు.
ఎమెరిక్ లోతుకే దింపాడు.
"బ్యాంకు అప్పు కంటే లోతా ఏంటి?" అని నవ్వాడు.
నవ్వుతుంటే పళ్ల సందుల్లో మట్టి.

గొర్రు వెళ్లిన సాలులో మోకాళ్ల మీద కూర్చుని
చూపుడువేలు గుచ్చాను.
మొదటి కణుపు దాకా పిండి.
ఇంకా నొక్కాను.
రెండో కణుపు దగ్గర
చల్లగా తగిలింది—
ఏప్రిల్లో కరిగిన మంచు,
ఇంకా అక్కడే.

'బాగా తక్కువ' మీద పెట్టిన టిక్కు కొట్టేసి
'తక్కువ' మీద పెట్టాను.
గోట్లో మట్టి కడుక్కోకుండానే
కాఫీకి నీళ్లు పడేశాను.