గాలిమర బురుజు

సర్వేవాళ్ళు "పాత చిమ్నీ" అని రాసుకెళ్ళారు.
పొగ ఎరగదు అది. గాలి తాగిన గొంతు.

గోస్తనీ బంకమట్టి ఇటుక,
సున్నంలో బెల్లప్పానకం, కరక్కాయ నీళ్ళు.
గానుగ తిప్పింది మా అమ్మమ్మ దాలమ్మ.
పైకి పోయేకొద్దీ సన్నబడాలని
మేస్త్రి లోకయ్య వరసకింత లోపలికి జరిపాడట;
కూలీ అలాగే జరిపాడట.

భీమిలి జాలర్లు చింకి తెరచాపలు కుట్టి
రెక్కలకు తొడిగారు.
మొదటిరోజు గాలే లేదు.
ఉప్పు కామందు గొడుగు మూసి వెళ్ళిపోయాక
ఏ అర్ధరాత్రో తనంతట తానే తిరిగింది,
ఉప్పుటేటిని మళ్ళలోకి తోడుతూ,
చూసే దిక్కు లేకుండా.

రెక్కల్ని తుపాను పట్టుకుపోయింది.
గుమ్మంలో పరిచిన ఇటుక మీద
పచ్చిగా ఉన్నప్పుడు పడిన చంటి పాదం, మా అమ్మది.

ఎనభై యేళ్ళ మనిషి,
చెప్పులు విప్పి పక్కన నిలబడుతుంది.
తొక్కదు.