లాభం

అంబాజీపేటకి పడవ వెళ్ళే రోజు
తెల్లారకముందే కుప్ప దగ్గరుండాలి నేను.
పన్నెండేళ్ళవాణ్ణి. నా పని
నూటికో బొగ్గు గీత.

కాయ లెక్కేసేది దొమ్మేటి పల్లయ్య.
ఎవరైనా జతలుగా విసురుతారు,
చేతికొకటి, టపటపా.
ఇతను ఒక్కొక్కటే తీసి
తొడిమ తనవైపు తిప్పుకుని
ముఖం చూసినట్టు చూసి
అప్పుడు పక్కన పెట్టేవాడు.

"లాభం" అని మొదలు.
కొలతల్లో ఒకటి అనం మా వైపు.
రెండు, మూడు...
ఏడు దగ్గర "ఆరున్నొకటి".
తొంభైతొమ్మిది దాకా దారి సాఫీ.
నూరో కాయ మాత్రం కుప్పలోంచి రాదు.
తొంభైతొమ్మిదో కాయనే మళ్ళీ ఎత్తి
"నూరు" అని గట్టిగా పలికి దించేవాడు.

గీత గియ్యాలో మానాలో తెలీక
బొగ్గు పట్టుకు నిలబడితే
"గియ్యి" అనేవాడు.
తర్వాత తన కూలి కాయల్లోంచి ఒకటి తెచ్చి
చప్పుడు కాకుండా కలిపేసేవాడు.

షావుకారికి నష్టం లేదు,
కాబట్టి షావుకారు అడగలేదు.
సూరాయమ్మ అడిగేది, వేళ్ళు మడిచి మరీ:
"వెయ్యికి పది కాయలు. పదంటే
పిల్లల నోట్లోవి. ఏ దేవుడి మొక్కయ్యా ఇది?"
అతను గునపం దగ్గరికెళ్ళి
పీచు వలుచుకుంటూ కూర్చునేవాడు.

వైనతేయ గట్టు తెగిన ఏడు
కాయల పాకలో ఇద్దరం చిక్కుకున్నాం.
అటక మీద మేము. కింద కాయలు
నీళ్ళలో తలలు ఊపుతున్నాయి.
అప్పుడు చెప్పాడు, నా వైపు చూడకుండా.

ఇటలీ దేశంలో కొండల నడుమ ముళ్ళకంచె.
పొద్దున్నా సందేళా అయిదేసిమందిని నిలబెట్టి
ఉనో, దూవే, త్రే.
"ఆళ్ళకి లాభం లేదురా.
ఒకటితోటే మొదలు."

కంచె మూల దీపం స్తంభం.
ఇనుపది, మంచు పట్టి జారేది.
తాడి ఎక్కినవాడికి అదీ ఒక చెట్టే.
దుప్పటి చింపి మోకు పేనుకున్నాడు.
ఎక్కి అవతలికి దూకడానికి ఒక్క రాత్రి చాలు.
పొద్దుటి లెక్కలో ఒకడు తగ్గితే
కుక్కలకి గంట చాలు.

జకరయ్యది మొగల్తూరు. పటాలంలో వంటవాడు.
తూటా తగిలిన కాలు, పరుగుకి పనికిరాదు.
"నువ్వు ఎక్కు. లెక్క నాకొదిలెయ్" అన్నాడు.
ముందు వరసలో ఒకసారి లెక్కకొచ్చి
వంగి, జనం కాళ్ళ వెనకగా
ఆ కుంటికాలు ఈడ్చుకుంటూ పాకి
చివరి వరసలో మళ్ళీ లేచి నిలబడ్డాడట.
మూడు పొద్దులు.
బొంబాయిలో ఓడ దిగాక
ఆ బారకాసులోనే ఉన్న ఓ అరవ సిపాయి చెప్పాడట.

"నాలుగో పొద్దున?" అన్నాను.

నీళ్ళలో రెండు కాయలు ఢీకొని
మళ్ళీ విడిపోయాయి.
"మూడు పొద్దులకి
నేను కొండ దాటేశాను" అన్నాడు పల్లయ్య.

ఆ చలికాలం నన్ను వెంటేసుకుని
నర్సాపురం రేవులో వశిష్ఠ దాటాడు.
బస్తాలో నూరు కాయలు, తన సొంతం,
రాత్రి దీపం పెట్టుకుని తనే లెక్కేసినవి.
మొగల్తూరులో జకరయ్య తల్లికి
రెండు కళ్ళూ లేవు.
"మీవోడితో పటాలంలో ఉన్నానమ్మా"
అనగలిగాడు. అంతే.

ఆవిడ బస్తా వంచమంది.
ఒక్కొక్క కాయా తడిమి, తొడిమ నిమిరి
"లాభం... రెండు... మూడు..."
ఆవిడా ఒక్కొక్కటే.
నీడ గుమ్మం దాటేదాకా లెక్కెట్టింది.
తొంభైతొమ్మిది దగ్గర
చెయ్యి చాప మీద అటూ ఇటూ వెతికింది.

"ఒకటి తగ్గిందయ్యా."

పల్లయ్య పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"పోన్లే నాయనా" అంది,
ఆఖరి కాయని ఒళ్ళో పెట్టుకుని.
"అంత దూరం నుంచి రావాలి కదా.
దారిలో ఎక్కడో
జారిపోయుంటది."

ఆ పూట నా చేతిలో బొగ్గు లేదు.